వెంకటసుబ్బయ్య వెడల్పు

నరసరావుపేటలో స్టీలు సామాన్ల కొట్టు వెంకటసుబ్బయ్య ఎవరని అడిగితే, జనం నోటితో చెప్పకుండా చిటికెనవేలు ఎత్తి చూపించేవాళ్లు. అంత సన్నం మనిషి. ఊరికి కొత్తవాళ్లు ఆ వేలుకి ఇంకో అర్థం తీసుకుని, పాపం అర్జెంటేమో అనుకుని గోడ చాటు చూపించిన సందర్భాలూ లేకపోలేదు.

అతను పుట్టినప్పుడు మంత్రసాని "బిడ్డ కంటే బొడ్డు లావుగా ఉంది" అన్నదని వాళ్లక్క లీలావతి ఇప్పటికీ చెబుతుంది. అప్పటికి ఆమెకు మాటలే సరిగ్గా రావు కాబట్టి ఆ మాట నమ్మాల్సిన పనిలేదు గాని, నమ్మనివాళ్లంటూ ఎవరూ లేరు. బళ్లో అతన్ని పుల్ల సుబ్బయ్య అన్నారు. కాలేజీలో అగరొత్తి అన్నారు. తిండిలో లోపం ఏమీ లేదు. ముద్దపప్పు, నెయ్యి, గోంగూర, మళ్లీ నెయ్యి. పెళ్లిళ్లలో వడ్డించేవాళ్లు అతని విస్తరి దగ్గరకొచ్చేసరికి బకెట్టు నింపుకుని వచ్చేవాళ్లు. ఆ తిన్నదంతా ఎటు పోతోందో గుంటూరు డాక్టర్లు కూడా తేల్చలేకపోయారు.

దర్జీ కాలేషా అతని చొక్కాలకు భుజాల దగ్గర రెండు పొరల గుడ్డ వేసి కుట్టేవాడు. ఈ సంగతి ఎవరితోనూ అననని ఒట్టేశాడు, అందరితోనూ అన్నాడు. చొక్కా లోపల రెండు బనీన్లు, అవీ రోహిణీ కార్తె ఎండల్లో. కొట్టు నిండా నిగనిగలాడే బిందెలూ డ్రమ్ములూ. వాటి గుండ్రటి ఒంటి మీద ఎంత లావు మనిషైనా సన్నగా సాగి కనబడతాడు. వెంకటసుబ్బయ్య అసలు కనబడేవాడే కాదు.

ఎవరేమన్నా నవ్వి ఊరుకునేవాడు. లోపల మాత్రం ఒక కోరిక ఉండేది. జన్మలో ఒక్కసారన్నా, ఏ సినిమా హాల్లోనో బస్సులోనో, వెనక నుంచి ఎవరైనా "కాస్త పక్కకు జరగండి సార్, అడ్డంగా ఉన్నారు" అంటే వినాలని.

అందరి కంటే ఎక్కువ ఏడిపించింది లీలావతి మొగుడు ఆంజనేయులు. సత్తెనపల్లిలో బట్టల కొట్టు ఆయనది, కుర్చీలో కూర్చుంటే కుర్చీ కనబడని శరీరం. వెంకటసుబ్బయ్య పెళ్లిలో పురోహితుడు ఇతనికి బదులు పందిరి గుంజకి బాసికం కట్టబోయాడని ఆయన ఏ శుభకార్యానికి వెళ్లినా చెప్పేవాడు. చివరకు ఒక కర్మకాండ భోజనాల్లోనూ చెప్పాడు. పోయినాయన కొడుకులు కూడా నవ్వారు.

ఆ పెళ్లి జరిగి ముప్పై ఏళ్లు దాటింది. పెళ్లికూతురు నాగేంద్రమ్మ మాచర్ల కిరాణా వర్తకుల పిల్ల. అప్పట్లో గొప్పగా వీడియో తీయించారు. ఆ క్యాసెట్టు బీరువాలో పట్టుచీరల కింద కలరా ఉండల వాసన పీలుస్తూ పడి ఉంది. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం చేసే కూతురు హేమశ్రీ దాన్ని తీసుకెళ్లి కంప్యూటర్లోకి ఎక్కించింది. తన పాత కంప్యూటరు తెచ్చి హాల్లో పెద్ద టీవీకి తగిలించి, "అమ్మా, ఇందులో నీ పెళ్లుంది, భజనలున్నాయి, సినిమాలున్నాయి, చూసుకో" అని నొక్కాల్సినవి చూపించి, మధ్యాహ్నం బస్సెక్కి వెళ్లిపోయింది.

మొగుడూ పెళ్లాలిద్దరూ సోఫాలో కూర్చున్నారు. బొమ్మ పడింది. సన్నాయి మొదలైంది.

పీటల మీద ఒక మగవాడు కూర్చుని ఉన్నాడు. వెడల్పాటి భుజాలు. నిండైన చెంపలు. మెడ, మెడలాగా ఉంది. మధుపర్కాల్లోంచి ఛాతీ పొంగుకొస్తోంది. ఎవరబ్బా ఈయన, మా వాళ్లలో ఇంత దర్జా మనిషెవరున్నారు అని వెంకటసుబ్బయ్య కాసేపు ఆలోచించాడు. ఆ మనిషి ముక్కు గీరుకున్నాడు. గీరుకున్న తీరు చూస్తే అది తనే.

అతను సోఫా అంచుకు జరిగి కూర్చున్నాడు.

"ఇదేందండీ!" అని నాగేంద్రమ్మ కేక పెట్టింది. "ఎవరీమె? నా కింద పీటే కనపడట్లేదు! నేను పెళ్లిలో ఇట్టా లేను. మా మేనత్తని కూర్చోబెట్టారా ఏంది?"

"నువ్వే గదే. కెమెరా అబద్ధం చెప్పుద్దా?"

"కెమెరా సంగతి నాకు తెలీదు, మీరు మాత్రం చెప్తన్నారు. ఆ ఛాతీ ఎక్కడిది మీకు? పందిరి సామానుతో పాటు అద్దెకి తెచ్చారా?"

"వయసులో ఉన్నాను. అప్పట్లో కొంచెం ఒళ్లుండేది."

"అప్పట్లో మీ మెడ నా గాజులో దూరేది," అని ఆమె ఫోను అందుకుంది.

బస్టాండు వెనక కంప్యూటర్లు బాగుచేసే ఇర్ఫాన్ సాయంత్రానికి వచ్చాడు. నలభై దాటిన నెమ్మదైన మనిషి. ఏ యంత్రాన్నైనా ముందు తుడిచి, ఆ తర్వాతే దాని కష్టం వింటాడు. తుడిచాడు, విన్నాడు, నవ్వు ఆపుకున్నాడు.

"అమ్మా, పాత క్యాసెట్టు బొమ్మ ఇంచుమించు పలకలాగా ఉండుద్ది. ఈ టీవీ ఏమో అడ్డంగా పొడుగు. పలకని పట్టుకుని రెండు పక్కలా లాగి టీవీకి సరిపెట్టారు. దాంతో అందరూ లావయ్యారు. లాగకుండా ఉన్నదున్నట్టు పెడితే మనుషులు సరిగ్గా ఉంటారు, కాకపోతే అటూ ఇటూ కొంత నల్లగా మిగులుద్ది."

"నల్లగానా?" వెంకటసుబ్బయ్యకు దారి దొరికింది. "టీవీ మొత్తం కొన్నాం గదయ్యా. మధ్యలో బొమ్మేసుకుని చెరో పక్కా చీకట్లో పెట్టుకోవటానికా? కొట్లో ఎవరికన్నా సగం బిందె అమ్ముతానా నేను?"

"అయితే శెట్టిగారూ, ఇంకో మార్గముంది. లాగకుండా, మొత్తం బొమ్మని పెద్దది చేసి తెర నింపొచ్చు."

నింపాడు. నలుపు పోయింది. లావూ పోయింది. వాటితో పాటు తలలూ పోయాయి. తల లేని పురోహితుడు మంత్రాలు చదువుతున్నాడు. తల లేని ముత్తయిదువులు అక్షింతలు వేస్తున్నారు. మామగారు అల్లుడి కాళ్లు కడిగే ఘట్టం వచ్చేసరికి, కింద తెగిపోయి, అసలు కాళ్లే లేవు. ఆయన వంగి ఎక్కడో గాల్లో నీళ్లు పోస్తున్నాడు.

"అంతేనమ్మా," అన్నాడు ఇర్ఫాన్. "నలుపు వద్దంటే తలలు పోతాయి. తలలు కావాలి, నలుపు వద్దు అంటే లావవుతారు."

"నలుపే పెట్టు నాయనా. నల్లగుంటే నష్టమేంది, నాకేమన్నా పెళ్లిచూపులా?" అని నాగేంద్రమ్మ తీర్పు చెప్పేసింది.

బొమ్మ సర్దుకుంది. ఆమె నాజూగ్గా, పూలజడతో, వంచిన మెడతో కనబడగానే "ఆ, ఇదీ నేను" అని సోఫాలో వెనక్కి వాలింది. ఆమె పక్కన పీట మీద, ఎవరో మరిచిపోయి వెళ్లిన గొడుగులాగా, వెంకటసుబ్బయ్య ఉన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కొట్టు మూసి అన్నానికి వచ్చినప్పుడు నాగేంద్రమ్మ కన్యకా పరమేశ్వరి గుడికి వెళ్లి ఉంది. అతను అన్నం తినకముందే టీవీ పెట్టాడు. ఇర్ఫాన్ రిమోటులో ఏ బటన్ నొక్కాడో ముందురోజు దొంగచూపుతో కనిపెట్టి ఉంచుకున్నాడు. నొక్కాడు. మనుషులు లావయ్యారు. ఆ భుజాల్ని చూసుకుంటూ పళ్లెం ఒళ్లో పెట్టుకుని రెండుసార్లు అన్నం పెట్టుకున్నాడు. తర్వాత టీవీ ఆపాడు గాని బొమ్మను మళ్లీ సన్నం చేయడం మరిచిపోయాడు. మరిచిపోయాననే అతను తర్వాత ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే నాగేంద్రమ్మ వీధిలో ఆడవాళ్లను పిలిచి, "నేను పెళ్లినాటికి ఎట్టున్నానో చూడండి" అని టీవీ పెట్టింది. చూశారు. పక్కింటి శాంతమ్మ మాత్రం మర్యాదగా, "నిండుగా ఉన్నావొదినా" అన్నది.

ఇర్ఫాన్‌కి ఫోను వెళ్లింది. అతను వచ్చాడు, సరిచేశాడు, వెళ్లాడు. రెండు రోజులకు మళ్లీ లావు. మళ్లీ వచ్చాడు. ఈసారి కేబులు మార్చాడు. వీడియో ఆడించే సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది ఎక్కించాడు. నాలుగు రోజులు ఆగి మళ్లీ లావు. మూడోసారి వచ్చినప్పుడు ఇర్ఫాన్ కంప్యూటర్ ఒళ్లంతా విప్పి, తుడిచి, బిగించి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని టీవీ వంక చానాసేపు చూశాడు.

"ఏందయ్యా రోగం?" అంది నాగేంద్రమ్మ.

"వోల్టేజీ అయ్యుండొచ్చమ్మా."

"అదీ మాట," అన్నాడు వెంకటసుబ్బయ్య గంభీరంగా. "మన వీధిలో వోల్టేజీ మొదట్నుంచీ బాగాలేదు. నేను చెప్తూనే ఉన్నా."

చెప్పి, స్వయంగా వంటింట్లోకి వెళ్లి ఇర్ఫాన్‌కి కాఫీ తెచ్చిచ్చాడు. పెళ్లయ్యాక అతను వంటింట్లోంచి ఒక మనిషికి కాఫీ తేవడం నాగేంద్రమ్మ అదే చూడటం. అప్పుడే ఆమెకు అనుమానం రావలసింది. రాలేదు. కాకపోతే, "సోఫాలో రిమోటు మీద కూర్చుంటే కూడా నొక్కుకుపోతాయమ్మా" అని ఇర్ఫాన్ కాఫీ తాగుతూ అన్నందుకు, ఆ రిమోటు తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం బొడ్లో దోపుకుంది. తను చూసేటప్పుడే తీసుకోవాలని కట్టడి చేసింది.

వెంకటసుబ్బయ్య ఛాతీ బీరువా పాలైంది.

ఆ వారంలోనే సత్తెనపల్లి నుంచి లీలావతి ఫోను. "ఒరేయ్ సుబ్బిగా, నీ పెళ్లి టీవీలో వేస్తన్నారంట గదా! ఆదివారం నేనూ మీ బావా వస్తన్నాం. నాగేంద్రతో పప్పుచారు పెట్టమని చెప్పు."

బావ వస్తున్నాడు. పందిరి గుంజ కథ చెప్పే బావ, తన కళ్లతో తెర మీద ఆ భుజాల్ని చూడాలి. నోరు మూతపడాలి. అతను ఆదివారం దాకా కొట్లో గిన్నెలు తూస్తూ ఇదే ఆలోచించాడు. ఎవరో కుక్కరు మూత అడిగితే బేసిను ఇచ్చాడు.

ఆదివారం ఉదయం నాగేంద్రమ్మ వంటలో ఉంది. అంతకుముందే టీవీ పెట్టి, బొమ్మ సన్నంగానే ఉందని చూసుకుని, దాన్ని తెర మీద కదలకుండా నిలిపి ఉంచి, రిమోటు మళ్లీ బీరువాలో దాచేసింది. వెంకటసుబ్బయ్య కీబోర్డు ఒళ్లో పెట్టుకున్నాడు. అందులో అక్షరాల సంగతి అతనికి పట్టదు. కానీ కొట్లో బిల్లులు కొట్టి కొట్టి కుడివైపు అంకెల గళ్లు మాత్రం కళ్లు మూసుకుని నొక్కగలడు. చెయ్యి దానంతటదే అక్కడికి పోయింది. ఆరు నొక్కాడు.

పీటల మీది మనిషి పిసరంత లావయ్యాడు.

మళ్లీ నొక్కాడు. ఇంకో పిసరు. వెంకటసుబ్బయ్య ఆనందానికి హద్దు లేదు. రిమోటుతో అయితే ఒకటే కొలత. ఇది దర్జీ పని, కావలసినంత కుట్టుకోవచ్చు. భుజాలు సరిపోయే దాకా నొక్కాడు. మీసం చూస్తే ఇంకొంచెం ఉంటే బాగుండుననిపించింది. మీసం కోసం ఇంకా నొక్కాడు. కంట్రోల్ అని రాసి ఉన్న గడి పట్టుకుని అంకె నొక్కితే బొమ్మ మొత్తం పక్కకు జరుగుతోందని కూడా చేతికి తగిలింది. అలా జరిపి జరిపి తను సరిగ్గా తెర మధ్యకు వచ్చాడు. నాగేంద్రమ్మ ఎడమ చెవి దాకా తెర బయటకు పోయింది. ఫరవాలేదనుకున్నాడు.

"ఏం బావమరిదీ! బతికే ఉన్నావా, గాలికి పోయావా?"

గుమ్మంలో ఆంజనేయులు. వెనక లీలావతి. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ నాగేంద్రమ్మ.

వెంకటసుబ్బయ్య కీబోర్డు మీదికి వంగాడు. బావకు చూపించాలనుకున్న మాట నిజమే గాని, సగం పెళ్లాన్ని తెర బయటకు తోసిన సంగతి నాగేంద్రమ్మ చూడకూడదు. కంగారులో అంకెలన్నీ నొక్కేశాడు. నాలుగు మీద వేలు పడి అక్కడే ఉండిపోయింది. బొమ్మ అటూ ఇటూ నొక్కుకుపోవడం మొదలుపెట్టింది. సోడాబుడ్డంతైంది, కొవ్వొత్తంతైంది. అంతటితో ఆగక కంట్రోల్ మీద ఇంకో వేలు పడి, ఆ సన్నటి పెళ్లి మొత్తం జరుగుతూ జరుగుతూ పోయి టీవీ కింది మూల దాక్కుంది. అదే కంగారులో ఏ మీట తగిలిందో ఏమో, ఆపిన వీడియో కదిలింది. సన్నాయి మోగింది.

ఆ మూలలో ఓ పెళ్లి జరుగుతోంది. పుల్లల్లాంటి బంధువులు. అగ్గిపుల్లలాంటి పురోహితుడు. తాళిబొట్టు పట్టుకున్న దారప్పోగు లాంటి వెంకటసుబ్బయ్య.

లీలావతి కళ్లజోడు పెట్టుకుని టీవీ దగ్గరకు వెళ్లి వంగి చూసింది. "ఒరేయ్! అందరూ నీలాగే ఉన్నార్రా!"

నవ్వులు పైకప్పుకు తగిలాయి. ఆంజనేయులు మాత్రం నవ్వలేదు. ఆయనా వంగాడు, చాలా కష్టం మీద. తెరలో పందిరి గుంజకు ఆనుకుని తాంబూలం నములుతున్న ఒక సన్నటి, చురుకైన కుర్రాడి మీద ఆయన చూపు నిలిచింది.

"అది నేనే గదా," అన్నాడు మెల్లగా.

"మీరే," అంది లీలావతి.

"పొట్ట లేదు."

"లేదు."

"అట్టనే ఉంచు బావమరిదీ. ఎవరూ ఏం నొక్కబాకండి."

"అన్నయ్యగారూ, మీ పొట్ట కోసం నా పెళ్లి మూల పెట్టుకుంటానా?" అని నాగేంద్రమ్మ ఇర్ఫాన్‌కి ఫోను చేసి, అందరికీ వినబడేట్టు స్పీకరు పెట్టింది. బొమ్మ ఎలా ఉందో చెప్పింది.

"కీబోర్డు కుడిపక్క అంకెల్లో నడిమధ్య అయిదు ఉండుద్దమ్మా, అది నొక్కండి," అన్నాడు ఇర్ఫాన్.

నొక్కింది. పెళ్లి మొత్తం మూలలోంచి లేచి వచ్చి, మనుషులు మనుషులంతై, తెర మధ్యలో కుదురుగా నిలబడింది.

"వచ్చింది నాయనా. ఇది కూడా వోల్టేజీయేనా?"

ఫోనులో ఇర్ఫాన్ గొంతు సవరించుకున్నాడు. "ఆ అంకెలు ఎవరన్నా పనిగట్టుకుని నొక్కితేనే అట్టవుద్దమ్మా." మళ్లీ సవరించుకుని, "వోల్టేజీ కూడా అయ్యుండొచ్చు," అన్నాడు.

నాగేంద్రమ్మ తల తిప్పింది. తను నొక్కిన కీబోర్డు ఇప్పటికీ మొగుడి ఒళ్లోనే ఉంది. అతని వేళ్లు ఇప్పటికీ దాని అంచు పట్టుకునే ఉన్నాయి.

"ఉండు నాయనా," అంది ఫోనులోకి. "వోల్టేజీ దొరికింది. ఇక్కడే కూర్చోనుంది."

దాచడానికి ఏమీ మిగల్లేదు. రిమోటు దగ్గర్నుంచి మీసం దాకా అతను చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ బావ ఎప్పుడు మొదలుపెడతాడా అని చూశాడు. ఆంజనేయులు సోఫాలో కూలబడి, రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"నాకు తెలీదు బావమరిదీ నువ్వింత బాధపడతన్నావని," అన్నాడు. "నన్ను చూసి జనం జోకులెయ్యకముందే నేనే నీ మీద వేసేవాణ్ణి. వరసలో ముందుంటే సీటు దొరుకుద్ది గదా, అట్టా." రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, "ఆ నాలుగు ఒకసారి నొక్కవా, నన్ను చూసుకోవాలి," అన్నాడు.

నొక్కి చూపించాడు. పప్పుచారు చల్లారిపోయింది.

వాళ్లు సాయంత్రం బస్సుకి వెళ్లిపోయాక వెంకటసుబ్బయ్య ఇర్ఫాన్ ఇంటికి వెళ్లి వచ్చాడు. మూడుసార్లు అనవసరంగా తిప్పినందుకు క్షమించమని అడిగాడట. కాఫీ తెచ్చినప్పుడే అర్థమైందని, ఇంటాయన గుట్టు ఇంటావిడకు చెబితే తనకు రెండో కాఫీ పుట్టదని ఊరుకున్నానని ఇర్ఫాన్ అన్నాడట.

తిరిగొచ్చేసరికి నాగేంద్రమ్మ పెళ్లి చూస్తోంది. రెండు పక్కలా నలుపు, మధ్యలో వాళ్లిద్దరూ. తలంబ్రాలు పోస్తున్నారు. పెళ్లికూతురు పక్కకు చూసి పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటోంది.

"ఎందుకే నవ్వావు?" అన్నాడు.

"బాసికం జారి మీ చెవి మీదికొచ్చింది. పట్టుకోవటానికి నుదురు ఉండాలి గదా."

అతను చేత్తో నుదురు తడుముకున్నాడు. ఆమె తెర వంక చూస్తూనే, "మా ఇంట్లో నాన్నా, ముగ్గురన్నలూ, ఒక్కొక్కరు ఒక్కో మిరపకాయల టిక్కీ, కూరి కుట్టిన బస్తా. అమ్మ జన్మంతా మంచం అంచున పడుకుంది. పెళ్లిచూపుల్లో మిమ్మల్ని చూశా. అబ్బ, చోటు మిగులుద్ది అనుకున్నా. ఒప్పుకున్నా," అంది.

"అందుకా?"

"ఇంకెందుకు మరి? మీ బిందెల కొట్టు చూసా?"

ఆమె బొడ్లోంచి బీరువా తాళం తీసి అతని చేతిలో పెట్టింది. "ఏదీ, ఆ లావుది పెట్టండి ఒకసారి. సరిగ్గా చూళ్లేదు."

అతను రిమోటు తెచ్చి నొక్కాడు. వెడల్పాటి పెళ్లికొడుకు మేనత్తలాంటి పెళ్లికూతురి నెత్తిన తలంబ్రాలు కుమ్మరిస్తున్నాడు. నాగేంద్రమ్మ తల పక్కకు వాల్చి ఆ మనిషిని పైనుంచి కిందికి చూసింది.

"వీణ్ణయితే చేసుకునేదాన్ని కాదు," అని తీసేయమంది.

తీసేశాడు. అప్పగింతలు వచ్చాయి. తెరలో నాగేంద్రమ్మ వాళ్లమ్మను పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. సోఫాలో నాగేంద్రమ్మ, "ఇప్పుడు ఈ ఏడుపెందుకులే, దోసెల పిండి పులిసిపోద్ది," అని లేచి వంటింట్లోకి వెళ్లింది. వెంకటసుబ్బయ్య కంప్యూటరు ఆపబోయాడు. ఎక్కడ నొక్కితే ఆగుతుందో అతనికి ఎవరూ చెప్పలేదు. తెరను అలాగే వదిలేసి, ఎన్ని పోస్తున్నావే అంటూ ఆమె వెనకే వెళ్లాడు.